చేత్తో నడిపితే నడుస్తుంది, రాత్రి దానంతట అది నడవదు

చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇద్దరి మధ్య మాట తేలకపోతే "కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తావా?" అని అడగడం మామూలే. తలస్నానం చేసి, వరసిద్ధి వినాయకుడి ఎదుట నిలబడి అబద్ధమాడాలంటే ఎవరికైనా గుండె జారుతుంది. కంప్యూటర్ సపోర్టు పనిలో మాత్రం ఒక వింత తగాదా ఉంది. "నేను నడిపితే బ్రహ్మాండంగా నడిచింది సార్" అంటాడు కుర్రాడు. "యాక్సెస్ డినైడ్" అంటుంది రాత్రి లాగ్. ఈ ఇద్దరినీ కాణిపాకం తీసుకొచ్చినా నిబ్బరంగా ప్రమాణం చేసి వెళ్తారు, ఎందుకంటే ఇద్దరిదీ నిజమే. పగలు ఆ ప్రోగ్రాం కుర్రాడి అకౌంట్ కింద నడిచింది, రాత్రి సిస్టమ్ అకౌంట్ కింద నడిచింది. ఈ తేడా తెలియక ప్రోగ్రాంనే మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చునేవాళ్లు చాలామంది.

గుడి దగ్గర ఒక లాడ్జి ఉందనుకుందాం. చవితి మొదలు 21 రోజుల బ్రహ్మోత్సవాల్లో గదులన్నీ నిండి ఉంటాయి. ఆ బిల్లుల డేటాను రోజూ అర్ధరాత్రి దాటాక పక్క గదిలోని ఇంకో కంప్యూటర్‌కు కాపీ చేయాలి. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఒక బ్యాచ్ ఫైల్ పెట్టి, సిస్టమ్ అకౌంట్ కింద నడవమన్నారు. తెల్లారి చూస్తే కాపీ లేదు.

ఊహించడం మానేసి, ముందు ఆ బ్యాచ్ ఫైల్ మొదట్లోనే మూడు సంగతులు ఒక లాగ్ ఫైల్‌లోకి రాయించండి. హూయామ్ఐ కమాండ్ (ఖాళీ లేకుండా కలిపి కొట్టాలి) ఎవరి పేరు మీద నడుస్తోందో చెబుతుంది. సీడీ అని ఒక్కటే కొడితే ఏ ఫోల్డర్‌లో నిలబడి ఉందో చెబుతుంది. సెట్ కమాండ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అన్నీ చూపిస్తుంది. చేత్తో ఒకసారి, షెడ్యూలర్ చేత ఒకసారి నడిపించి రెండు లాగ్‌లూ పక్కపక్కన పెట్టి చూడండి. టాస్క్‌లో "స్టార్ట్ ఇన్" గడి ఖాళీగా వదిలితే ప్రోగ్రాం విండోస్ లోపలి సిస్టమ్32 ఫోల్డర్ నుంచి మొదలవుతుంది. పూర్తి దారి ఇవ్వని ఫైళ్లన్నీ అక్కడే వెతుక్కుంటుంది. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయని నా నమ్మకం.

తేలకపోతే మీరే ఆ అకౌంట్‌గా మారి చూడాలి. రన్‌యాజ్ కమాండ్ పాస్‌వర్డ్ అడుగుతుంది, సిస్టమ్ అకౌంట్‌కు ఇవ్వడానికి పాస్‌వర్డ్ లేదు, కాబట్టి ఇక్కడ పనికిరాదు. పనికొచ్చేది పీఎస్ఎగ్జిక్. మార్క్ రుసినోవిచ్ రాసిన సిస్ఇంటర్నల్స్ పనిముట్లలో ఒకటిది; 2006లో సిస్ఇంటర్నల్స్‌ను మైక్రోసాఫ్ట్ కొనేసింది, ఇప్పుడు వాళ్ల సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. హైఫన్ ఎస్, హైఫన్ ఐ ఇచ్చి సీఎండీని నడిపితే ఒక నల్ల విండో తెరుచుకుంటుంది. అందులో హూయామ్ఐ కొడితే "ఎన్‌టీ అథారిటీ" కింద "సిస్టమ్" అని రావాలి. ఇక మీ బ్యాచ్ ఫైల్‌ను ఆ విండోలో ఒక్కో లైనుగా నడపండి.

పీఎస్ఎగ్జికే మొరాయిస్తే? "యాక్సెస్ డినైడ్" అంటే చాలావరకు మీరు కమాండ్ ప్రాంప్ట్‌ను "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్"తో తెరవలేదని అర్థం. అడ్మిన్ గ్రూపులో ఉంటే చాలదు. పక్క కంప్యూటర్ మీద నడుపుతుంటే అక్కడ 445 పోర్ట్ తెరిచి ఉండాలి, అడ్మిన్ డాలర్ అనే దాగిన షేర్ అందాలి. షెడ్యూలర్ నుంచి నడిపినప్పుడు ఏ మెసేజూ లేకుండా ఊరికే ఆగిపోతే లైసెన్స్ ఒప్పందాన్ని అనుమానించండి. సిస్ఇంటర్నల్స్ పనిముట్లు మొదటిసారి ఒప్పుకోలు అడుగుతాయి, ఆ ఒప్పుకోలు ఒక్కో యూజర్‌కు విడిగా నమోదవుతుంది. మీరు ఎప్పుడో ఒప్పుకున్నారు. సిస్టమ్ అకౌంట్ ఒప్పుకోలేదు. ఎవరికీ కనిపించని చోట ఆ డబ్బా తెరుచుకుని "ఓకే" కోసం తెల్లవార్లూ కాచుకుని ఉంటుంది. కమాండ్‌లో హైఫన్ తర్వాత "యాక్సెప్ట్ఈయూఎల్ఏ" చేరిస్తే సరి.

ఎవరికీ కనిపించదని ఎందుకన్నానంటే, విండోస్ విస్టా నుంచి సర్వీసులన్నీ సెషన్ సున్నాలోనే నడుస్తాయి. మీ డెస్క్‌టాప్ వేరు, వాటి లోకం వేరు. "నిజంగా ఓవర్‌రైట్ చేయాలా?" అని అడిగే ప్రోగ్రాం ఏదైనా అక్కడ మూగబోతుంది.

మన లాడ్జి కేసులో అసలు దొంగ జడ్ డ్రైవ్. నెట్‌వర్క్ ఫోల్డర్‌ను జడ్ అని మ్యాప్ చేసింది కుర్రాడు లాగిన్ అయిన సెషన్‌లో. సిస్టమ్‌కు జడ్ అనేది ఉందనే తెలియదు. అందుకని రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ దారి ఇవ్వాలి. ఇచ్చాక ఇంకో గోడ తగులుతుంది. సిస్టమ్, నెట్‌వర్క్ సర్వీస్ అకౌంట్లు బయటి కంప్యూటర్ దగ్గరకు ఈ కంప్యూటర్ పేరుతో వెళ్తాయి, లోకల్ సర్వీస్ అయితే పేరే చెప్పదు. డొమైన్ ఉన్న ఆఫీసుల్లో కంప్యూటర్ పేరు చెల్లుతుంది, ఆ పేరుకు షేర్‌లో హక్కు ఇవ్వొచ్చు. మన ఊళ్లలో లాడ్జిలూ దుకాణాలూ చాలావరకు డొమైన్ లేని వర్క్‌గ్రూపులు. అక్కడ ఆ పేరును ఎవరూ గుర్తుపట్టరు. రెండు కంప్యూటర్లలోనూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో మామూలు యూజర్‌ను ఒకరిని చేసి, ఆ షేర్ మీద మాత్రమే రాసే హక్కు ఇచ్చి, టాస్క్‌ను ఆ యూజర్ కింద పెట్టండి. "డు నాట్ స్టోర్ పాస్‌వర్డ్" అనే గడిలో టిక్ పెట్టకండి. పెడితే ఆ టాస్క్ లోకల్ పనులే చేస్తుంది, నెట్‌వర్క్ దాటదు.

తేదీల గొడవ ఇంకా తమాషా. చాలామంది బ్యాకప్ ఫైల్ పేరులో డేట్ వేరియబుల్ పెడతారు. 2024లో చవితి సెప్టెంబర్ 7న, శనివారం వచ్చింది. మన దేశం సెట్టింగ్ ఉన్న యూజర్‌కు ఆ రోజు 07-09-2024 అని వస్తుంది. విండోస్‌ను అమెరికా ఇంగ్లిష్‌తో ఎక్కించి, ఆ తర్వాత ఒక్క యూజర్‌కే రీజియన్ మార్చిన కంప్యూటర్‌లో సిస్టమ్ అకౌంట్‌కు అదే రోజు "శాట్ 09/07/2024" అని వస్తుంది. ఫైల్ పేరులో స్లాష్ చెల్లదు. కాపీ ఫెయిలవుతుంది, లేదా ముక్కలు కోసి పేరు కట్టిన స్క్రిప్టు సెప్టెంబర్ ఏడును జూలై తొమ్మిది చేసేస్తుంది. రెండోది మరీ ప్రమాదం, ఎర్రర్ రాదు కాబట్టి నెలల తరబడి ఎవరూ గమనించరు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్, అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్, కాపీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి సిస్టమ్ అకౌంట్లకూ టిక్ పెట్టొచ్చు. అంతకన్నా మేలు, పవర్‌షెల్‌తో ఏడాది, నెల, తేదీ వరసలో మీరే తేదీ కట్టుకోవడం.

ఎర్రర్ నంబర్లను చూసి భయపడొద్దు. నెట్ హెల్ప్‌ఎంఎస్‌జీ కమాండ్ పక్కన నంబర్ ఇస్తే అర్థం చెబుతుంది. 5 అంటే హక్కు లేదు, 53 అంటే నెట్‌వర్క్ దారి దొరకలేదు, 1326 అంటే పేరో పాస్‌వర్డో తప్పు. సర్వీసు 1069 చూపిస్తే దాని అకౌంట్ లాగిన్ కాలేదని అర్థం. చాలాసార్లు ఎవరో పాస్‌వర్డ్ మార్చి సర్వీసుకు చెప్పడం మరిచి ఉంటారు.

లినక్స్‌లో కథ ఇదే, పేర్లు వేరు. సూడో హైఫన్ యూ ఇచ్చి ఆ అకౌంట్ కింద కమాండ్ నడపండి. క్రాన్‌లో పాత్ చాలా కురచగా ఉంటుంది, కాబట్టి ప్రతి ప్రోగ్రాంకూ పూర్తి దారి రాయండి. ఫైల్‌కు హక్కున్నా పైనున్న ఏదో ఒక ఫోల్డర్‌లోకి ప్రవేశం లేకపోతే పని కాదు. నేమ్ఐ హైఫన్ ఎల్ ఆ దారంతా మెట్టు మెట్టుగా చూపిస్తుంది. సర్వీసు లాగ్ జర్నల్‌సీటీఎల్‌లో ఉంటుంది. ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టుకున్నవాళ్లు లాంగ్ వేరియబుల్ కూడా చూసుకోవాలి, యూటీఎఫ్-8 లేని చోట పాత స్క్రిప్టులు మన అక్షరాలు చూడగానే చతికిలబడతాయి.

ఇక ఉద్యోగం నిలబెట్టుకునే సంగతి. పని త్వరగా తేలాలని "ఎవ్రీవన్"కు ఫుల్ కంట్రోల్ ఇచ్చేవాళ్లు, టాస్క్‌లో మేనేజర్ అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. అది సమస్యను పరిష్కరించడం కాదు, తలుపు తీసి పెట్టడం. పీఎస్ఎగ్జిక్‌ను దాడులు చేసేవాళ్లూ వాడతారు, అందుకే చాలా యాంటీవైరస్‌లు దాన్ని చూడగానే అరుస్తాయి. బెంగళూరులోనో చెన్నైలోనో కొత్తగా చేరిన పిల్లలు క్లయింట్ సర్వర్ మీద దాన్ని నడిపే ముందు సెక్యూరిటీ వాళ్లకు ఒక మెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే ముట్టుకోవాలి. ఇంటర్వ్యూలో "చేత్తో నడిచేది షెడ్యూలర్‌లో ఎందుకు నడవదు?" అని అడిగితే, ముందు ఏ అకౌంటో చూస్తానని చెప్పి, తర్వాత ఫోల్డర్, డ్రైవ్, ప్రొఫైల్, సెషన్ గురించి మాట్లాడండి.

టికెట్ మూసేటప్పుడు "సాల్వ్డ్" అని ఒక్క మాట రాసి వదలకండి. ఏ అకౌంట్, ఏ హక్కు, ఏ ఫోల్డర్ మీద ఇచ్చారో రాయండి. తెరిచిన నల్ల విండో మూసేసి, పీఎస్ఎగ్జిక్ తనకోసం పెట్టుకునే సర్వీసు సర్వీసుల జాబితాలో మిగిలిపోయిందేమో చూడండి. మధ్యలో కనెక్షన్ తెగితే అది అక్కడే ఉండిపోతుంది, చేత్తో తీసేయాల్సిందే.