రొట్టె పొంగుటలోని మర్మము

మా గోదావరి డెల్టా వరిసీమ. అయినను రొట్టె మాకు క్రొత్తది కాదు. మినపపిండిని మందపాటి గిన్నెలో పోసి, అడుగునను మూతపైనను నిప్పులుంచి కాల్చెడి దిబ్బరొట్టె ఇచట అందరెరిగినదే. ఓవెన్ లేని ఇంటను రొట్టె కాల్చవచ్చునని అది చాటుచున్నది.

మేము తొలిసారి వట్టి మొక్కజొన్నపిండిలో ఈస్టు కలిపి రాత్రంతయు వేచియుంటిమి. అది పొంగలేదు, కాల్చగా ఇటుకవలె గట్టిపడినది. మా తల్లిగారు చూచి నవ్వి, "గోధుమపిండి కలపక ఎట్లు పొంగును?" అనిరి. కారణము మేము పిదప గ్రంథములలో చదివితిమి. ఈస్టు చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును విడుచును. గోధుమలోని గ్లూటెన్ సాగుచు ఆ వాయువును పట్టియుంచును. మొక్కజొన్నకు అట్టి సాగుడు గుణము లేదు.

కావున 300 గ్రాముల గోధుమపిండికి 100 గ్రాముల మొక్కజొన్నపిండి, చెంచాడు ఎండు ఈస్టు, చెంచాడు ఉప్పు చేర్చి గోరువెచ్చని నీటితో మెత్తగా పిసుకవలెను. నీరు మరిగినదైనచో ఈస్టు చచ్చును. తడిబట్ట కప్పి, పిండి బాగుగా పొంగిన పిదప ఏలకులపొడి, సోంపు, కోనసీమలోని మోరి జీడిపప్పు పలుకులు కలపవలెను. దాల్చినచెక్క మితిమీరినచో ఈస్టు మందగించును. నూనె రాచిన గిన్నెలో మరల పొంగనిచ్చి, సన్ననిసెగపై కాల్చవలెను. గ్రుచ్చిన పుల్లకు పిండి అంటనిచో రొట్టె సిద్ధమైనట్లే.

ఉర్దూలో ఖమీర్ అనగా పులిసిన పిండి. పులియుట సూక్ష్మజీవుల పనియని పాశ్చర్ 1857లో తెలిపెను. అంతకు ఎన్నో తరములకు ముందే ఇల్లాండ్రు పాత పిండిముద్దను దాచి క్రొత్తపిండిలో కలిపెడివారు. విద్యార్థులారా! వంటింటి విద్యను చిన్నచూపు చూడరాదని ఆ ఇటుకరొట్టె మాకు నేర్పినది.