తాడు ఆపిన తర్వాత ఏం చేయాలి?



మన కుటుంబాలలో తాడిచెట్టు ఎక్కే గీత కార్మికులు, కరెంటు స్తంభాలు ఎక్కేవారు, మేడలకు రంగులు వేసేవారు ఎందరో ఉన్నారు. కాలు జారినా కింద పడకుండా తాడు ఆపితే గండం గడిచిందనుకుంటాము. కాని రెండో గండం అప్పుడే మొదలవుతుంది. ఈ నెల పాఠంలో దాని గురించి తెలుసుకుందాము.

వేలాడితే ఏమవుతుంది?

మనం నడిచేటప్పుడు పిక్కల కండరాలు బిగిసి, సడలి, కాళ్లలోని రక్తాన్ని గుండె వైపు నెడతాయి. కాళ్లు కదలకుండా వేలాడితే ఆ పని ఆగిపోతుంది. రక్తం కాళ్లలోనే నిలిచి మెదడుకు తక్కువగా అందుతుంది. చెమటలు పడతాయి, కళ్లు తిరుగుతాయి, వికారం పుడుతుంది, చివరకు స్పృహ తప్పుతుంది. నేలమీద స్పృహ తప్పినవారు పడిపోగానే మెదడుకు రక్తం మళ్లీ అందుతుంది. తాడుకు వేలాడేవారికి ఆ అవకాశం లేదు. కొందరికి కొద్ది నిమిషాల్లోనే ఇలా జరుగుతుంది. నిచ్చెన తెచ్చేలోగా ప్రాణం పోవచ్చు.

ఏ సామాను కావాలి?

నడుము బెల్టు ఒక్కటే ఉంటే బరువంతా పొట్టమీద పడి ఊపిరి ఆడదు. భుజాలు, ఛాతీ, తొడలు అన్నిటినీ పట్టి ఉంచే హార్నెస్ మేలు. దానికి ఒక కాలిపట్టీ కూడా ఉండాలి. వేలాడేటప్పుడు దానిని కిందికి జార్చి, పాదం పెట్టి నిలబడవచ్చు. తెలంగాణలో గీత కార్మికులకు 2024 జూలై నుండి ప్రభుత్వం ‘కాటమయ్య రక్ష’ కిట్లు, వాటితో పాటు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. కిట్టు ఇంట్లో ఉంటే చాలదు. చేతికి అలవాటు కావాలి.

సాధన ఇలా చేయాలి

1. శిక్షకుని ఎదుటే, పాదాలు నేలకు జానెడు ఎత్తులో ఉండేలా వేలాడి నేర్చుకోవాలి.
2. ముందుగా గట్టిగా కేక వేయాలి.
3. కాలిపట్టీ తీసి అందులో నిలబడాలి. కాళ్లు ఆడిస్తూ ఉండాలి.
4. చెట్టును గాని నిచ్చెనను గాని అందుకొని మెల్లగా దిగాలి.
5. కుట్లు ఊడిన పట్టీని, తుప్పు పట్టిన కొక్కేన్ని, ఒకసారి పడిపోతున్న మనిషిని ఆపిన తాడును మళ్లీ వాడరాదు.

కింద ఉన్నవారు ఏం చేయాలి?

వెంటనే 108కి, 101కి ఫోన్ చేయండి. “కాళ్లు ఆడించు” అని పిలుస్తూ ఉండండి. అందే ఎత్తులో ఉంటే కాళ్లను పైకెత్తి పట్టండి. దించాక వెల్లకిలా పడుకోబెట్టండి. కూర్చోబెట్టాలని పూర్వం చెప్పేవారు. ఆ సలహాకు ఆధారం లేదని బ్రిటన్‌లో 2009లో జరిగిన పరిశీలనలో తేలింది. ఊపిరి లేకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. స్పృహ లేనివారికి నీళ్లు తాగించకండి. చాలాసేపు వేలాడినవారు బాగానే ఉన్నామన్నా ఆస్పత్రికి తీసుకురండి. ఆ తర్వాత మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఇంట్లో మాట్లాడుకోండి

• మన ఇంట్లో ఎత్తు ఎక్కేవారి దగ్గర కాలిపట్టీ ఉందా?
• వారు ఒంటరిగా పనికి వెళ్తున్నారా? కేక వేస్తే వినేవారెవరు?
• దానితో చివరిసారి సాధన చేసింది ఎప్పుడు?