కాకి లెక్కలకూ సర్టిఫికెట్ వస్తుంది

పరీక్షలు అయ్యాయో లేదో, కాలేజీ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. ఇంటర్న్‌షిప్ ఎక్కడ దొరుకుతుంది? దాని వెనకే ఇంకొకటి వస్తుంది: వెళ్ళకుండానే సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? డబ్బు కడితే ఇచ్చేవాళ్ళకు కొదవేమీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది పిల్లలు తరగతి గది దాటి పని చూస్తారనే. కానీ ఏదైనా తప్పనిసరి అనగానే దానికి దొడ్డిదారి వెతకడం మనకు అలవాటే కదా!

పర్యావరణం, సుస్థిరత వైపు ఉద్యోగం చూసుకునేవాళ్ళకు ఆ దొడ్డిదారి మరీ చేటు. ఈ రంగంలో జీతం ఇచ్చేదే నమ్మదగిన లెక్కకు. మార్కెట్ విలువలో ముందున్న 1000 లిస్టెడ్ కంపెనీలు ఎంత కరెంటు కాల్చాయో, ఎంత నీరు తోడాయో, ఎంత చెత్త పారేశాయో 2022-23 నుంచి ఏటా వెల్లడించాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం పెట్టింది. ఆ నివేదికల అడుగున ఎక్కడో ఒక ఇంటర్న్ నింపిన ఎక్సెల్ షీట్ ఉంటుంది.

ఫ్యాక్టరీలో చేరితే మీకిచ్చే మొదటి పని బహుశా కరెంటు, డీజిల్ బిల్లులు ఎక్కించి, ఎంత కార్బన్ వెలువడిందో లెక్కగట్టడమే. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు, డీజిల్ లీటరుకు సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. హెచ్చవేస్తే పని అయిపోతుంది, ఏసీ గదిలోంచి కదలనక్కర్లేదు. కళ్ళు తెరిచి చూసే అమ్మాయి అయితే జనరేటర్ లాగ్‌బుక్ దగ్గర ఆగుతుంది. నెల పొడవునా 'ఉదయం 10 నుంచి 11' అనే ఉంది. ఒకే పెన్ను, ఒకే వాలు. కరెంటు రోజూ అంత పద్ధతిగా పోతుందా?

ఆమె జనరేటర్ గదికి వెళ్ళి, "అన్నా, నిన్న ఎంతసేపు నడిచింది?" అని అడిగితే ఆపరేటర్ నవ్వుతాడు. "నిన్న అసలు వెయ్యలేదమ్మా. నెలాఖరున ఒకేసారి రాసేస్తాం." మిషన్ మీద గంటలు చూపే మీటర్ ఉంటుంది. ఆ రీడింగు, డీజిల్ కొన్న బిల్లులు, ట్యాంకులో మిగిలిన సరుకు పక్కపక్కన పెట్టుకుంటే అసలు వాడకం ఎంతో చాలావరకు తేలిపోతుంది.

తేలాక అసలు పరీక్ష మొదలవుతుంది. ఆ ఆపరేటర్ ఆమెను నమ్మి చెప్పాడు. అతని పేరు మేనేజరు ముందు పెడితే రేపటి నుంచి ఆ ఫ్యాక్టరీలో ఎవరూ ఆమెకు నిజం చెప్పరు. పోనీలే అని ఊరుకుంటే రిపోర్టు అబద్ధమవుతుంది. "సర్, ఇక నుంచి రోజూ మీటర్ రీడింగ్ రాయిద్దాం. పాత నెలలది అంచనా అని, ఎలా వేశామో కూడా రిపోర్టులో రాసేద్దాం" అని చెప్పగలిగితే మనిషీ మిగులుతాడు, లెక్కా నిలుస్తుంది. ఇరవై ఏళ్ళ వయసులో పెద్దవాళ్ళ ముందు ఈ మాట తడబడకుండా అనడం అంత తేలిక కాదు. వ్యక్తిత్వ వికాసం తరగతుల్లో షేక్‌హ్యాండ్ ఎలా ఇవ్వాలో నేర్పుతారు గానీ, ఈ సంగతి ఎత్తరు.

ప్రకృతి వ్యవసాయం వైపు ఊళ్ళకు వెళ్ళేవాళ్ళ చిక్కు వేరు. ప్రశ్నాపత్రం పట్టుకుని "యూరియా ఎన్ని బస్తాలు వేశారు?" అని అడిగితే, మీరు ఏది వినాలనుకుంటున్నారో రైతు ఇట్టే పసిగట్టి అదే చెబుతాడు. పొద్దున్నే చేలోకి వెళ్ళి, చేతనైన పనిలో ఓ చెయ్యి వేసి, ఆ తర్వాత మాట కలపండి. జవాబు మారిపోతుంది.

అందుకే కంపెనీ పేరు చూసి మోసపోకండి. చేరేముందు మూడు సంగతులు అడగండి: నా రిపోర్టు ఎవరు చదువుతారు? పని జరిగే చోటికి నన్ను వెళ్ళనిస్తారా? స్టయిపెండ్ ఎంత? మూడోది అడగడానికి సిగ్గుపడకండి. హైదరాబాద్‌లో హాస్టల్ అద్దె కట్టుకుని ఉచితంగా పనిచేయడం అందరి ఇళ్ళల్లో కుదిరే పని కాదు.

అనుభవం లేదని దిగులు పడేవాళ్ళకు ఒక మాట. మీ హాస్టల్ కరెంటు బిల్లులు ఏడాదివి వార్డెన్‌ను అడిగి తీసుకోండి. ఒక వారం పాటు మెస్‌లో పారేసే అన్నం తూకం వేయండి. ఏం కొలిచారో, ఏది కొలవలేకపోయారో ఒక్క పేజీలో రాసి దరఖాస్తుకు జత చేయండి. నేనైతే రెజ్యూమే కన్నా ముందు ఆ పేజీయే చదువుతాను.