చిన్న గాడి - చక్కని నాదం

లియో ఫెండర్ రూపొందించిన నాలుగు తీగల ఎలక్ట్రిక్ గిటారు ‘ప్రెసిషన్ బేస్’ 1951లో అమెరికా విపణిలోకి వచ్చింది. ఆ తరహా పాత గిటార్లు నేటికీ వాద్యకారుల చేతులలో పలుకుతున్నాయి.

గిటారు మెడ పైకొనన తీగలను నిలిపి ఉంచే చిన్న పట్టీని ‘నట్’ అంటారు. తీగల ఒరిపిడికి ఏళ్ల తరబడి దాని గాడులు లోతవుతాయి. అప్పుడు మెట్టుపై అదమకుండా మీటిన తీగ మొదటి మెట్టుకు తగిలి గరగరమంటుంది. అదే తీగ అదిమినపుడు స్వచ్ఛంగా పలికితే లోపం నట్‌లోనిదని గ్రహించవచ్చు.

అరిగిన గాడిని ఎముక పొడితో, జిగురుతో పూడ్చి, ఆరిన పిదప తీగ మందానికి తగిన ఆకురాయితో మలచాలి. గాడి అడుగు బిరడాల వైపు వాలుగా ఉండాలి. కొద్దికొద్దిగా అరగదీస్తూ, మాటిమాటికీ తీగను అమర్చి పరీక్షించాలి. తొందరపడి లోతు పెంచితే మొదటి లోపమే తిరిగి వస్తుంది. ఓర్పు వహిస్తే పాత వాద్యం మళ్లీ కచేరీకి సిద్ధమవుతుంది.