పాత సైకిలు కొంటున్నారా? ముందు పరీక్ష పెట్టండి!

మీ ఊరి నుంచి హైస్కూలు ఆరు కిలోమీటర్లు. బస్సు ఒకరోజు వస్తే మరొకరోజు రాదు. "కొత్త సైకిలు కొనేంత డబ్బు ఇప్పుడు లేదు. పాతదేదైనా చూద్దాం, పద" అన్నారు నాన్నగారు. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ సైకిలు షాపుకు వెళ్ళారు.

అక్కడ రెండు సైకిళ్ళు అమ్మకానికి ఉన్నాయి. ఒకటి నీలం రంగుది. తళతళా మెరిసిపోతోంది. హ్యాండిలుకు రంగురంగుల కుచ్చులు కూడా ఉన్నాయి. రెండోది నల్లది. మడ్‌గార్డులు తుప్పు పట్టాయి. సీటు చిరిగింది. రెండు టైర్లలోనూ గాలి లేదు. ధర మాత్రం రెండింటికీ ఒక్కటే!

మీరు ఏది కొంటారు? "ఇంకేముంది, నీలం సైకిలే!" అంటారా? కాస్త ఆగండి. సైకిలుకు రంగు వేయడానికి ఒక్క పూట చాలు. కాని ఆ రంగు కింద వంగిపోయిన గొట్టం ఉంటే? అందుకే ముందుగా రెండు సైకిళ్ళకూ పరీక్ష పెడదాం. దీనికి పెద్ద పనిముట్లు అక్కరలేదు. ఒక బారెడు పొడవుకు రెండింతల దారం, ఒక సుద్దముక్క, అంగుళాల గుర్తులున్న అడుగు స్కేలు, చెంబుడు నీళ్ళు ఉంటే చాలు.

సైకిలు ఎంత పని చేయాలి?

మొదట చిన్న లెక్క చేద్దాం. పెద్ద సైకిలు చక్రం ఒక్కసారి తిరిగితే సుమారు 2.2 మీటర్లు ముందుకు పోతుంది. ఆరు కిలోమీటర్లు వెళ్ళాలంటే అది సుమారు 2,700 సార్లు తిరగాలి. రానూ పోనూ కలిపితే 5,400 సార్లు. సంవత్సరంలో 200 రోజులు బడికి వెళితే 10 లక్షల సార్లకు పైనే! చక్రంలో ఉన్న చిన్న లోపం కూడా ఇన్నిసార్లు తన పని తాను చేసుకుపోతుంది. అందుకని ఇప్పుడే కనిపెట్టడం మంచిది.

మొదటి పరీక్ష: చట్రం

చట్రం సైకిలుకు వెన్నెముక. టైరు, ట్యూబు, చైను, సీటు అన్నీ మార్చుకోవచ్చు. చట్రం పాడైతే మాత్రం ఆ సైకిలు పనికిరాదనే అనుకోండి.

హ్యాండిలు కింద నిలువుగా ఒక పొట్టి గొట్టం ఉంటుంది. దాని వెనక రెండు పొడుగాటి గొట్టాలు వచ్చి కలుస్తాయి. సరిగ్గా ఆ కలిసే చోటికి కాస్త వెనకగా, గొట్టాల అడుగుభాగం చూడండి. రంగు మీద ముడతలు ఉన్నాయా? వేలితో తడిమితే ఎత్తుపల్లాలు తగులుతున్నాయా? ఉంటే ఆ సైకిలు ఎప్పుడో గోడకో బండికో గుద్దుకుందన్నమాట. 

ఎలా చెప్పగలం? ముందు చక్రం గుద్దుకొని చటుక్కున ఆగిపోతుంది. సైకిలు మీది మనిషి మాత్రం జడత్వం వల్ల ముందుకే పోతాడు. ఆ ఒత్తిడికి గొట్టాల అడుగుభాగం నొక్కుకుపోతుంది. గొట్టంతోపాటు రంగు పొర కూడా ముడతలు పడుతుంది. మళ్ళీ రంగు వేసి కంటిని మోసం చేయవచ్చు గాని వేలిని మోసం చేయడం కష్టం.

ఇప్పుడు దారం తీయండి. వెనక చక్రం ఇరుసు దగ్గర, చట్రం చివర ఒకవైపు దారం కట్టండి. దాన్ని ముందుకు తీసుకుపోయి హ్యాండిలు కింది పొట్టి గొట్టం చుట్టూ తిప్పి, రెండోవైపు వెనక్కి తెచ్చి, అదే ఎత్తులో బిగువుగా కట్టండి. సీటు కింది గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు పక్కలా కొలవండి. రెండూ సమానంగా ఉండాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్నా ఫరవాలేదు. మీరు లెక్కల పుస్తకంలో చదివిన సమద్విబాహు త్రిభుజమే ఇది. శీర్షం నుంచి భూమి మధ్యబిందువుకు గీసిన గీత మీద సీటు గొట్టం ఉండాలి. ఒక పక్కకు జరిగిందంటే చట్రం వంకరపోయిందన్నమాట.

చెంబుడు నీళ్ళు నేల మీద పోసి, సైకిలును తిన్నగా నడిపించి కూడా చూడండి. రెండు చక్రాల తడి జాడలూ ఒకదాని మీద ఒకటి పడాలి.

రెండో పరీక్ష: చక్రాలు

సైకిలును ఎత్తి పట్టుకొని చక్రం తిప్పమని నాన్నగారికి చెప్పండి. సుద్దముక్కను కదలకుండా పట్టుకొని రిమ్ము పక్కకు దగ్గరగా ఉంచండి. రిమ్ము తిన్నగా ఉంటే సుద్ద ఎక్కడా తగలదు, లేదా చుట్టూ ఒకేలా రాసుకుంటుంది. ఒకచోట మాత్రమే గీత పడితే అక్కడ చక్రం బెండు వచ్చిందని అర్థం. బెండు కొద్దిగా ఉంటే మెకానిక్కు చువ్వలు బిగించి తీసేస్తాడు. రిమ్మే సొట్టపడితే కొత్త రిమ్ము వేయాలి. అది ఖర్చుతో కూడిన పని.

చువ్వలను ఒక్కొక్కటిగా వేలితో మీటండి. వీణ తీగ బిగించినకొద్దీ శ్రుతి పెరుగుతుంది కదా? ఇక్కడా అంతే. ఒకే పక్కనున్న చువ్వలన్నీ దాదాపు ఒకేలా మోగాలి. ఏదైనా 'టప్' మని మొద్దుగా పలికితే అది వదులైంది.

ఇక గుళ్ళ సంగతి. ముందు చక్రాన్ని పైకెత్తి, గాలి కొట్టే వాల్వు పక్కకు వచ్చేలా ఆపి, మెల్లగా వదలండి. వాల్వు బరువుకే చక్రం కిందికి తిరిగి, గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగి ఆగితే లోపలి గుళ్ళు బాగున్నాయన్నమాట. కదలకుండా అలాగే ఉండిపోతే లోపల ఘర్షణ ఎక్కువగా ఉంది. గ్రీజు ఎండిపోయిందో, గుళ్ళు అరిగాయో, మరీ బిగించారో విప్పి చూడాలి.

మూడో పరీక్ష: చైను

"చైను సాగిపోయింది" అంటారు. నిజానికి అందులో ఉక్కు సాగదు. లింకులను కలిపే పిన్నులు అరుగుతాయి, అందువల్ల చైను పొడుగవుతుంది. ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. గేర్లున్న సైకిలుకైనా, లేనిదానికైనా ఇదే కొలత.

ఒక పిన్ను మధ్యన స్కేలు సున్నా ఉంచండి. అక్కడి నుంచి 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల గుర్తు మీద ఉండాలి. గుర్తు దాటి అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే సుమారు 3 మిల్లీమీటర్లు, ముందుకు పోయిందనుకోండి. ఒక్కో పిన్ను దగ్గర అరుగుదల ఎంత? 3ను 24తో భాగించండి. మిల్లీమీటరులో ఎనిమిదో వంతు! దీన్ని కంటితో చూసి పోల్చుకోలేరు. 24 కలిపి కొలిస్తే మాత్రం మీ స్కేలే చెప్పేస్తుంది. ఒక కాగితం మందం తెలుసుకోవడానికి నూరు కాగితాలను కలిపి కొలిచే ఉపాయమే ఇదీ.

ఇంత అరిగిన చైనును తప్పకుండా మార్చాలి. పళ్ళ చక్రాలు కూడా చూడండి. పళ్ళు కొక్కేల్లా ఒకవైపు వంగి ఉంటే కొత్త చైను వాటి మీద నిలవదు, జారుతుంది. అప్పుడు పళ్ళ చక్రాల ఖర్చు కూడా కలుపుకోవాలి.

నాలుగో పరీక్ష: బ్రేకులు

గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతున్న సైకిలు సెకనుకు నాలుగు మీటర్లకు పైగా పోతుంది. బ్రేకు ఒక్క సెకను ఆలస్యంగా పట్టినా ఎదురుగా వచ్చే లారీకి మీరు నాలుగు మీటర్లు దగ్గరవుతారు! ముందు బ్రేకు గట్టిగా నొక్కి సైకిలును ముందుకు తోయండి. చక్రం తిరగకూడదు. వెనక బ్రేకుకూ ఇలాగే చేయండి. బ్రేకు రబ్బర్లు అరిగితే విచారించనక్కరలేదు, అవి చవకే. రబ్బరు రిమ్ముకు తగలాలి గాని టైరుకు తగలకూడదు. ఉక్కు రిమ్ములు వానలో తడిస్తే మధ్యన నీటి పొర చేరి రబ్బరు పట్టు బాగా తగ్గిపోతుంది. వానాకాలంలో నెమ్మదిగా తొక్కాలనీ, ముందుగానే బ్రేకు నొక్కాలనీ చెప్పేది అందుకే.

మీకు సరిపోతుందా?

సీటు మీద కూర్చుని, పెడలు అన్నిటికంటే కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనించండి. కాలు దాదాపు తిన్నగా ఉండాలి. కాలు అందక నడుము పక్కకు వాలితే సీటు దించాలి. దించినా అందకపోతే అది మీకు పెద్ద సైకిలు. "రేపు ఎదుగుతాడులే" అని కొంటే రేపటిదాకా నడుంనొప్పి మీదే!

ఇప్పుడు తీర్పు చెప్పండి

కాగితం మీద రెండు సైకిళ్ళ లోపాలూ రాయండి. మార్చవలసిన ప్రతి వస్తువుకూ ఎంత అవుతుందో మెకానిక్కునడిగి, అడిగిన ధరకు కలపండి. అదే ఆ సైకిలు అసలు ధర. ఆ మొత్తం కొత్త సైకిలు ధరకు దగ్గరగా వస్తే వదిలేయండి.

మన నల్ల సైకిలుకు కావలసినవి ట్యూబులు, సీటు, బ్రేకు రబ్బర్లు. దారం మాత్రం రెండు పక్కలా సమానంగా వచ్చింది, వాల్వు లోలకంలా ఊగింది. నీలం సైకిలుకో? కొత్త రంగు కింద వేలికి ముడతలు తగిలాయి. దారం ఒక పక్క ఎనిమిది మిల్లీమీటర్లు తేడా చూపించింది. ఇక ఏది కొనాలో మేము చెప్పనక్కరలేదు కదా!

ఒక్క మాట మరువకండి. చట్రం మీద చెక్కిన నంబరు ఉంటుంది. అది చెరిపేసి ఉంటే ఆ సైకిలు జోలికి పోవద్దు, దొంగ సొత్తు కావచ్చు. డబ్బిచ్చాక ఆ నంబరు వేసి రసీదు రాయించుకోండి.

మీరే చేసి చూడండి

1. మీ ఇంట్లో ఉన్న సైకిలు చైనును 24 పిన్నుల మేర కొలవండి. ఎంత వచ్చింది?

2. ముందు, వెనక చక్రాల చువ్వలు లెక్కపెట్టండి. చాలా పాత పెద్ద సైకిళ్ళలో ముందు 32, వెనక 40 ఉంటాయి. వెనక ఎందుకు ఎక్కువ? సైకిలు ఎక్కినప్పుడు మీ బరువు ఎక్కువగా ఏ చక్రం మీద పడుతుందో ఆలోచిస్తే జవాబు మీకే తడుతుంది.