పాట కట్టినోళ్ల పేరు

జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. రాత్రి ఎనిమిది గంటలైంది. అత్తా కోడళ్లు శెనక్కాయలు ఒలుస్తున్నారు.

అత్తది పులివెందుల పక్క పుట్టినూరు. ఆమెకు చదువు రాదు. కానీ చర్చిలో పాడే కీర్తనలు ఎన్నో నోటికి వచ్చు. కోడలు ఈ మధ్యనే చదవడం నేర్చుకుంది. ప్రొద్దుటూరు అంగట్లో కీర్తనల పుస్తకం కొనుక్కొచ్చింది.

అత్త పాడుతోంది. కోడలు పుస్తకంలో వేలు పెట్టి చూస్తోంది.

"అత్తా, నువ్వు పాడే మాట ఒకటి. ఈడ ఉండే మాట ఇంకొకటి."

అత్త చెయ్యి ఆగింది. "అంటే, ఇన్నేండ్లూ తప్పు పాడినానా?"

"తప్పెట్లయితుంది? నువ్వు మీ అమ్మ దగ్గర వినింటావు. ఆమె వాళ్లమ్మ దగ్గర వినింటుంది. నోరు మారేకొద్దీ మాట కొంచెం మారింది."

అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది. "అసలు ఈ పాట ఎవరు కట్టినారు అమ్మీ? తెల్లదొరలేనా?"

కోడలు పాట దగ్గరున్న పేరు కూడబలుక్కుని చదివింది. "పు-రు-షో-త్త-మ చౌ-ద-రి."

"మనోళ్ల పేరే!" అంది అత్త.

ఎవరీ పురుషోత్తమ చౌదరి?

క్రీస్తు మతాన్ని బోధించడానికి వచ్చినవారిని మిషనరీలు అంటారు. లండన్ మిషన్ వారు 1805లో విశాఖపట్నం వచ్చారు. 1822లో కడపలో పని మొదలుపెట్టారు. తర్వాత జమ్మలమడుగు వచ్చారు. అక్కడి క్యాంబెల్ ఆసుపత్రి వారు పెట్టిందే.

మిషనరీలు తమ దేశపు పాటలను తెలుగులోకి మార్చారు. మాటలు తెలుగే. కానీ వరస పరాయిది. మన నోటికి అంత తేలిగ్గా పట్టుబడదు.

పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టారు. బ్రాహ్మణ కుటుంబం. 1833లో క్రైస్తవ మతంలో చేరారు. వందకు పైగా కీర్తనలు రాశారు. 1890లో చనిపోయారు.

ఆయన పరాయి వరసలు తీసుకోలేదు. మన రాగాలు, మన తాళాలు తీసుకున్నారు. భజనల్లో పాడే కీర్తన మాదిరే పల్లవి, చరణాలు పెట్టి రాశారు.

పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది. కాబట్టి చదువు రానివాళ్లు కూడా మొదటి రోజే దాన్ని అందుకుంటారు. చరణాలు మెల్లగా వస్తాయి. ఆ రోజుల్లో మాల మాదిగ పిల్లలకు వీధి బడుల్లో చోటు లేదు. ఆడపిల్లలకు చదువు ఇంకా దూరం. అలాంటి వాళ్లకు పాటే పుస్తకమైంది.

పేరు ఎలా మిగిలింది?

పాట నోటి మీద బతుకుతుంది. పేరు మాత్రం నోటి మీద నిలవదు. రాసి పెడితేనే నిలుస్తుంది.

రాజంపేట దగ్గర తాళ్లపాక ఉంది. అన్నమయ్య ఊరు అదే. ఆయన పాటలను రాగిరేకుల మీద చెక్కించారు. అందుకే అవి మనదాకా వచ్చాయి. అన్నమయ్య భార్య తిమ్మక్క. ఆమె 'సుభద్రా కల్యాణం' రాసింది. అందుకే ఆమె పేరు కూడా మిగిలింది.

మరి దంపుడు పాటలు, నాటు పాటలు, జోల పాటలు ఎవరు కట్టారు? చాలావరకు ఆడవాళ్లే. వాళ్లకు రాత రాదు. అందుకే వాళ్ల పేర్లు లేవు.

కోడలు ఈ మాటే చెప్పింది. అత్త శెనక్కాయల చాట పక్కన పెట్టింది.

"మా అమ్మ వడ్లు దంచేటప్పుడు ఒక పాట పాడేది. అది యా పుస్తకంలోనూ ఉండదు. రాసుకో అమ్మీ."

అత్త చెబుతా ఉంటే కోడలు రాసింది. రెండు చోట్ల మాట గుర్తు రాలేదు. అక్కడ ఖాళీ వదిలింది. చివర అత్తవాళ్లమ్మ పేరు రాసింది.

"ఏదీ, మా అమ్మ పేరు యాడుంది?" అంది అత్త.

కోడలు చూపించింది. అత్త ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. తీయలేదు.

కొత్త మాటలు

కీర్తన: పల్లవి, చరణాలు ఉన్న భక్తి పాట
వరస: పాట పాడే తీరు
రాగిరేకు: రాగితో చేసిన పలుచని పలక

చెప్పండి

1. పురుషోత్తమ చౌదరి కీర్తనలు తొందరగా నోటికి ఎందుకు వచ్చాయి?
2. నోటితో నేర్చుకున్న పాటలో మాటలు ఎందుకు మారతాయి?
3. తిమ్మక్క పేరు ఎలా మిగిలింది?

చేయండి

మీ అమ్మ, అవ్వ, జేజి పాడే పాట ఒకటి రాయండి. గుర్తు రాని చోట ఖాళీ వదలండి. తెలిసినవాళ్లను అడిగి నింపండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో కింద వాళ్ల పేరు రాయండి.