రఫూ: ఒక కుట్టు మాట చెప్పే పాఠం

షేర్వానీ మేకుకు తగిలి చిరిగినా, శాలువాకు చిల్లు పడినా మన ఇళ్ళలో పెద్దలు "రఫూ చేయించండి" అంటారు. ఈ చిన్న మాట ఎక్కడిదో చూద్దాం.

దీని మూలం అరబీ. అరబీలో 'రఫఅ' అంటే చిరిగిన బట్టను బాగుచేయడం. చివర హమ్జాతో రాస్తారు. ఐన్‌తో రాసే, 'పైకెత్తడం' అనే అర్థమున్న మాట వేరు. అరబీ నుంచి పారసీకి వెళ్ళి 'రఫూ' అయింది. ఆ పనివాడు రఫూగర్. సౌదాగర్, జాదూగర్ మాటల్లో ఉన్న 'గర్' ఇదే. పారసీ నుంచి ఉర్దూకు, ఉర్దూ నుంచి మన నోటికి వచ్చింది. ఉర్దూలో 'రఫూ చక్కర్' అంటే చటుక్కున మాయం కావడం.

అదే ధాతువు నుంచి వచ్చిన 'రిఫాఅ'కు పొందిక, సామరస్యం అని అర్థం. ఇస్లాంకు పూర్వం అరబ్బులు కొత్త దంపతులకు పొందిక, కొడుకులు కలగాలని ఈ మాటతోనే శుభాకాంక్షలు చెప్పేవారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) దాని స్థానంలో బర్కత్ కోరే దుఆ నేర్పారు.

చిరుగును బాగుచేసే పద్ధతులు రెండు. ఒకటి అతుకు, ఉర్దూలో పైవంద్. వేరే గుడ్డ ముక్క వేసి కుడతారు. చిల్లు మూసుకుంటుంది కానీ అతుకు అందరికీ కనబడుతుంది. రెండవది రఫూ. మంచి రఫూగర్ ఆ బట్ట లోపలి మడత నుంచే దారాలు లాగి, సన్నని సూదితో పడుగు పేకల మధ్య ఒక్కొక్కటే పైకీ కిందికీ పోనిచ్చి నేస్తాడు. పని పూర్తయ్యాక చిరుగు ఎక్కడుందో వెతుక్కోవాలి.

మన సహాయం ఈ రెంటిలో ఏది?

ఒకసారి మా తరగతి అమ్మాయికి వేదిక మీద యూనిఫాం ఇచ్చి ఫొటో తీశారు. మర్నాడు ఆ పిల్ల పాత బట్టలతోనే వచ్చింది. అడిగితే, "అది వేసుకుంటే అందరికీ తెలిసిపోతుంది సార్" అంది. ఇచ్చింది కొత్త బట్టే. ఆ పిల్లకు మాత్రం అది అతుకే అయింది.

చేసిన మేలును ఎత్తిచూపి, మనసు నొప్పించి మీ దానాలను వృథా చేసుకోవద్దని దివ్య ఖుర్ఆన్ (2:264) హెచ్చరిస్తుంది. బహిరంగంగా ఇచ్చినా మంచిదే, గోప్యంగా పేదలకు ఇస్తే మరింత మేలని కూడా (2:271) చెబుతుంది.

దాతలకు నా మనవి ఒక్కటే. పిల్లల ఫీజు నేరుగా బడికి చేరనివ్వండి. బట్టలు, పుస్తకాలు తల్లిదండ్రుల చేతికి ఇంటి దగ్గరే అందనివ్వండి. వేదిక మీదికి పిల్లలను పిలవాలంటే మార్కులు తెచ్చుకున్న రోజున పిలుద్దాం.

రఫూకు దారం ఆ బట్టలోదే. ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఒకే బట్టలోని దారాలమని గుర్తుంటే చాలు. అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక. ఆమీన్.